మువత్తర్ తోటలో ఎర్ర సాలీడు

మువత్తర్ ఎవరినీ నమ్మదు. పట్టుకు పేరుపడ్డ మర్గిలాన్ ఊళ్ళో ఆమె వీధివాళ్ళకు ఇది కొత్త సంగతేం కాదు. తందూరులోంచి అప్పుడే తీసిన రొట్టె చేతిలో పెట్టినా తిరగేసి, వెనక తట్టి చూస్తుంది. డాక్టరిచ్చిన మాత్ర విరిచి వాసన చూస్తుంది. ఆమె మోసపోయింది జన్మలో ఒక్కసారే, అదీ పెళ్ళిలోనే అని భర్త బతికున్న రోజుల్లో ఆయనే చెప్పుకుని నవ్వేవాడు.

ఆమెకున్న కాస్త నమ్మకం పట్టుపురుగుల మీదే. ముప్పై ఏళ్ళుగా ప్రతి వసంతంలో పెద్దగది ఖాళీ చేసి వాటికిచ్చేసి, ఇంటిల్లిపాదీ వసారాలో పడుకుంటారు. ఆ నెలంతా పరాయివాళ్ళు ఆ గది గడప తొక్కకూడదు. దిష్టి తగిలితే పురుగు మేత మానేస్తుందని భయం. ఈ ఏడు పురుగులు నాలుగో జ్వరం నుంచి, అంటే కుబుసం విడిచే నిద్ర నుంచి లేచాయి. ఇక వారం పాటు కొమ్మలకు కొమ్మలు నమిలి గూళ్ళు కడతాయి. ఈ వారంలో మేత తప్పిందా, పడ్డ పాటంతా పెంటకుప్పకే.

సరిగ్గా ఇప్పుడే కోడలి మీద అనుమానం పుట్టింది.

జుల్హుమార్ కాపురానికొచ్చి మూడు నెలలు. కోడలన్నాక తెల్లారకముందే వాకిలి ఊడవాలి. ఊడుస్తుంది. ఆ తర్వాతే ఉంది తేడా. చీపురు పక్కన పడేసి, తోట చివర మట్టిగోడ ముందు గొంతుక్కూర్చుని అరగంట కదలదు. ఒక్కోసారి గాల్లో వేలు ఆడిస్తుంది. ఒక్కోసారి తనలో తనే నవ్వుకుంటుంది.

నాలుగు రోజులు కిటికీలోంచి కనిపెట్టిన మువత్తర్, ఐదో రోజు చెప్పులు విప్పేసి చప్పుడు చేయకుండా వెళ్ళి వెనక నిలబడింది. గోడ మీద సాలీడు. కాళ్ళు నలుపు, వీపు నెత్తుటి ఎరుపు.

"కరాకుర్ట్!" అని పెడబొబ్బ పెట్టింది. ఒంటెను సైతం కూల్చే విషపు సాలీడు పేరది.

"కాదత్తయ్యా, ఇది దూకే సాలీడు. గూడు కట్టి వల పన్నదు. వేలు ఇటు ఆడిస్తే ఇటు చూస్తుంది, అటు ఆడిస్తే అటు."

"పెంచుతున్నావా? నా పురుగుల మీదికి వదలడానికా, నా పక్కలోకి వదలడానికా?"

"మీ పక్కలో దానికి ఈగలెక్కడ దొరుకుతాయి?" అనేసి జుల్హుమార్ నాలుక కరుచుకుంది.

"సాయంత్రానికి ఈ సంగతి తేలకపోతే నిన్ను నమన్‌గాన్ బస్సెక్కిస్తా. మీ అమ్మకి చూపించుకో నీ సాలీళ్ళని."

మందు కొట్టడానికి లేదు. పురుగుల మేతకని నరికిన కంబళి కొమ్మలు, అదే మల్బరీ, పేర్చేది ఆ తోటలోనే. మందు గాలి సోకిన ఆకు తింటే పురుగులు మాడిపోతాయి. అందుకని మువత్తర్ పాతకాలం వాళ్ళ పద్ధతి పట్టింది. గొర్రెలు కరాకుర్ట్‌ని తొక్కి చంపుతాయి, నమిలి మింగినా వాటికేం కాదు. పక్కింటి హైదరాలిని అడిగి పన్నెండు గొర్రెల్ని తోలుకొచ్చి తోటలో వదిలింది. తను వసారాలో కూర్చుంది, గొర్రెలకు కాదు, కోడలికి కాపలాగా. కోడలు టీ కాస్తే కెటిల్ వైపు చూపు, బట్టలుతికితే సబ్బునురగ వైపు చూపు.

మధ్యాహ్నం గొర్రెల కోసం వచ్చిన హైదరాలి తోట గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అక్కా, వీటిని పనికి పిలిచావా, పెళ్ళిభోజనానికి పిలిచావా?"

తడిగోనెల కింద దాచిన రెండు పూటల మేతలో పుల్లలు తప్ప ఏం మిగల్లేదు. తోటలో చెట్లు అప్పటికే బోడిగుండ్లు. కాలవగట్టు చెట్లని వీధంతా కలిసి ఎప్పుడో దూసేశారు. మువత్తర్ అక్కడే కూలబడింది.

"ఇంతకీ నీ కరాకుర్ట్ ఏదీ?" అని గోడ దగ్గరికెళ్ళాడు హైదరాలి. "ఇదా! ఇరవై ఏళ్ళు గొర్రెలు కాశాను, కరాకుర్ట్ ఇంత ఎత్తున గోడెక్కగా చూళ్ళేదు. అది నేలబారున వల కట్టుకుని పడుంటుంది. ఇది చూడు, పోలీసోడిలా మనల్నే ఎలా చూస్తోందో."

ఆ మాట పూర్తికాకముందే సాలీడు ఎగిరి ఒక ఈగ వీపు మీద దిగింది.

"అత్తయ్యా, ఆకు ఉంది," అంది జుల్హుమార్ మెల్లగా. "గోడవతల పాడుబడ్డ పెరట్లో. ద్రాక్షతీగ కప్పేసింది గానీ, కింద పెద్ద కంబళి చెట్టు."

"నీకెలా తెలుసు? గోడ దూకావా? మూడు నెలల కోడలు గోడ దూకిందా?"

"ముందు సాలీడు దూకిందత్తయ్యా. దాని వెనక నేను."

హైదరాలి పకపకా నవ్వాడు. "ఆ పెరడు మా అన్నదేలే. నరుక్కోండి."

కోడలు చెట్టెక్కి నరికింది, హైదరాలి గోడ మీంచి అందించాడు. పొద్దు వాలకముందే మొదటి మోపు పురుగుల మీద పరిచారు. నెమ్మదిగా తలలెత్తి మేత పట్టాయి. రెండో మోపులో ప్రతి కొమ్మనీ మువత్తర్ తనే దులిపి, తిప్పి చూసింది. ఒక ఆకు మీద బూడిదరంగు సాలీడొకటి ముందుకాళ్ళెత్తి, అంతేసి కళ్ళతో ఆమెనే చూస్తోంది.

"ఎందుకే అలా చూస్తోంది? ఏం కావాలంట?"

"మీరెవరో తెలుసుకుందామని."

"నేనూ అదే అడుగుదామనుకున్నా." మువత్తర్ ఆకును కంటి దగ్గరికి తెచ్చుకుంది. అది కదల్లేదు. ఆమె కూడా కదల్లేదు.

"అత్తయ్యా, అవతల పురుగులు ఆగవు. కొమ్మ ఇలా ఇవ్వండి."

"మిగతావి పట్టుకెళ్ళు. దీని సంగతి తేలాలి."