ఎండలో తేలిన గెలుపు

ఇలా దగ్గరకు జరిగి కూర్చోండి, పనులు తర్వాత చూసుకుందురు గాని. మా వదిన సంగతి చెబుతాను.

వదినంటే మా ఆయన అక్క. పంతొమ్మిదివందల డెబ్బైల్లో ఆవిడా నేనూ విశాఖ రేవులో గంపలతో ఖనిజం మోసేవాళ్లం. కూలీల సంఘానికి అధ్యక్ష ఎన్నికలొచ్చాయి. మా వర్గం తరఫున ఎవరు పోటీ చేయాలో ముందు మేమే తేల్చుకోవాలి. చీటీ రాసేంత చదువు మాలో చాలామందికి లేదు. అందుకని పేటపేటకూ సభ పెట్టి, నచ్చినవాళ్ల వెనక వెళ్లి నిలబడేవాళ్లం. తలలు లెక్కపెట్టేవారు.

ఒకవైపు వదిన, మరోవైపు క్రేను మేస్త్రీ. చంటిపిల్లలకు పాలిచ్చి రావడానికి తల్లులకు పని మధ్యలో కాస్త విరామం ఇప్పించాలని వదిన పట్టుదల. మగవాళ్లెవరూ ఆ మాట ఎత్తేవారు కాదు. అప్పటికి రెండు పేటల్లో చెరొక చోట నెగ్గారు. మాదే ఆఖరి సభ.

మండే మధ్యాహ్నం పూట, గిడ్డంగి పక్కన. వదిన గోడ వారన నిలబడింది, మేస్త్రీ ఎదురుగా మైదానంలో. ఇరుపక్షాలూ నమ్మి పిలిపించిన పాతపట్నం దర్జీ సాయిబు లెక్కపెట్టి, "అమ్మదే గెలుపు" అన్నాడు. మేం కేకలేశాం.

వదిన మాత్రం, "ఇంకోపాలి లెక్కెట్టు తాతా" అంది.

మా ఆయన తల పట్టుకున్నాడు. "గెలిసినావు కదే అప్పా! మరేటి నీ బాద?"

"గోడ నీడ గెలిసిందిరా, నాను కాదు. అదిగో, నా యెనకాల ఆడు గోడకానుకుని కునుకు తీత్తన్నాడు. నాకోసమొచ్చినాడేటి?"

మేస్త్రీ నవ్వాడు. "ఓలమ్మా, ఓడిపోతే నన్ననకు మరి."

"అననులే బావా. ఇద్దరం ఎండలోనే నిలబడదాం, రా."

వదిన ఎండలోకి నడిచింది. నీడకొచ్చినవాళ్లు నీడలోనే ఉండిపోయారు. వదిన వెనక వరుస పలచబడింది. మేస్త్రీ వెనక కూడా కొందరు కాళ్లు కాలి మెల్లగా జారుకున్నారు. గంపల ఆడవాళ్లు మాత్రం కదల్లేదు. రోజూ ఆ ఎండలో మోసేవాళ్లకు అదో లెక్కా?

"బేగి కానీ తాతా, పిల్లలేడుత్తారు!" అని ఒకామె అరిచింది.

సాయిబు తొందరపడకుండా లెక్కపెట్టాడు. మొదటిసారంత తేడా లేదు గాని, వదినే నెగ్గింది. మేస్త్రీయే ముందుగా వచ్చి, "రేపట్నించి నీ యెనకాలే తిరుగుతాను, పద" అన్నాడు. అన్నట్టే సంఘం అధ్యక్ష ఎన్నికల్లో తన మనుషులతో వీధివీధీ తిరిగి ఆమెకు ఓట్లడిగాడు, వదిన అధ్యక్షురాలైంది. మా రెండోవాడికి నేను పాలిచ్చింది వదిన తెచ్చిన ఆ విరామంలోనే.

విన్న మీ ఇల్లు పిల్లాపాపలతో కళకళలాడాలి. మీ ఇంటి ఆడపిల్ల మాటకు పదిమందిలో విలువుండాలి.