పసుపు గుడ్డ చివర వచ్చింది

నాకు సంతకం వరకే వచ్చు. బస్సు బోర్డు కూడబలుక్కుని చదువుతాను, అంతకు మించి రాదు. అందుకని నేను చెబుతున్నాను, రాసేవాళ్ళు రాస్తున్నారు. నా గొంతు గరగరలాడితే ఏమీ అనుకోవద్దు. ఖాజాగూడ గుట్టల్లో మా ఆయన రాళ్ళు కొట్టేవాడు, నేను మోసేదాన్ని. ఆ దుమ్ము ఇద్దరం మింగాము. ఆయన దానితోనే పోయాడు. నాకు గొంతు పోయింది. ఇప్పుడు ఆ గుట్టలు సగం లేవు. అవి ఉన్నచోట అద్దాల మేడలు, వాటి వెనక ఒక పెద్ద బడి. ఆ బడిలో నేను ఆయాను. చిన్న పిల్లల్ని బాత్రూముకు తీసుకుపోవాలి, మూతులు తుడవాలి, వాళ్ళు పోయాక గదులు తుడవాలి.

మధ్యాహ్నం మేమంతా మెట్ల కింద ఉన్న సిమెంటు బెంచీ మీద తింటాము. పొడుగు బెంచీ. అందరికన్నా ముందు ఆ బడిలో చేరిన ఆవిడను పెద్ద ఆయా అంటాము. ఎవరు ఏ గది తుడవాలో, ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఆవిడే చెబుతుంది. చెప్పమని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చెబుతూ వచ్చింది, మేము వింటూ వచ్చాము.

మాలో ఒక పాలమూరు పిల్ల ఉంది. పిల్ల అంటే నా కంటికి పిల్ల, ఇద్దరు బిడ్డల తల్లి. మొగుడు సెంట్రింగు పని చేస్తూ కడుతున్న మేడ మీద నుంచి పడి చనిపోయాడు. కర్మ నాడు ఈ పిల్ల జ్వరంతో దవాఖానలో ఉంది, చేతికి సెలైను పెట్టి ఉంది. అందుకని బొట్టు, గాజులు, మెట్టెలు తీయడం ఆగిపోయింది. మూడో నెల మాసికం నాడు తీద్దామని పెద్దవాళ్ళు అనుకున్నారు. ఆ పిల్ల బొట్టుతోనే మళ్ళీ పనిలోకి వచ్చింది.

వచ్చిన మొదటి రోజే పెద్ద ఆయా అన్నది, "బిడ్డా, నువ్వు జర ఆ మెట్ల మీద కూసో. ఇక్కడ అందరం పిల్లలు, మొగళ్ళు ఉన్నోళ్ళం. ఏమనుకోకు."

"ఏమనుకోను పెద్దక్కా" అని ఆ పిల్ల డబ్బా పట్టుకుని మెట్ల మీదికి పోయింది.

నేనూ మొగుడు లేనిదాన్నే. కానీ నాది పాతబడింది. పాత ముండ అంటే పాత చీపురు లాగా, మూలకు ఉంటే ఎవరూ చూడరు. నేను ఒకరోజు బెంచీ మీద తినేదాన్ని, ఒకరోజు పోయి ఆ పిల్ల పక్కన తినేదాన్ని. మోకాళ్ళు ఎట్లా చెబితే అట్లా.

ఆ యేడు బడి పండగకు పెద్ద తరగతి పిల్లలు ఒక నాటకం వేస్తున్నారు. జర్మనీ దేశంలో జరిగిన సంగతి. నాటకం నేర్పే టీచరమ్మది గోదావరి వైపు, అందరినీ అండీ అంటుంది, మమ్మల్ని కూడా. చివర్లో జనాన్ని ఇళ్ళల్లోంచి తీసి వరసగా నడిపించుకుపోయే ఘట్టం ఉంది. పిల్లలు ముసలివాళ్ళ వేషం వేస్తే నవ్వు వస్తోందట. అందుకని ఆయాలు కావాలని అడిగింది. పని మధ్యలో గంట సేపు కాళ్ళు చాపుకోవచ్చని మేము సరే అన్నాము.

మాకు వరసలో నడవడం రాలేదు. ఒకరు ఆగి కొప్పు ముడుచుకుంటారు, ఒకరు కూలబడతారు.

"కొంచెం భయపడుతూ నడవాలండీ" అన్నది టీచరమ్మ.

"ఏదీ లేకుండ భయం ఎట్లొస్తది టీచరమ్మా?" అని ఒకామె అడిగింది.

"ప్రిన్సిపాల్ మేడం రౌండుకు వస్తున్నదనుకోండ్రి" అన్నది పెద్ద ఆయా. అందరం బిగుసుకుపోయాము. టీచరమ్మ నవ్వి, "ఇదే, ఇదే కావాలి" అన్నది.

మరునాడు ఆమె ఒక మెరిసే పసుపు గుడ్డ తెచ్చింది. ఆరు కొనల చుక్కలు కత్తిరించి అందరి బట్టల మీద కుట్టాలన్నది. నాకు కుట్టు వచ్చు గనక నా ఒళ్ళో పెట్టింది. నాకు సాయం చేయమని ఇంకో ముక్క పాలమూరు పిల్లకు ఇచ్చింది. ఆ పిల్ల గుడ్డను తీసుకుని కళ్ళకు అద్దుకుంది.

పెద్ద ఆయా చూసింది. "టీచరమ్మా, అది దాని చేతికియ్యకు."

"ఎందుకండీ?"

"పసుపు గుడ్డ గద. దాని మొగడు పోయిండు. పసుపు దాని చేతుల పడొద్దు."

టీచరమ్మ వచ్చి మా మధ్య నేల మీద కూర్చుంది. "ఇది మంచి గుడ్డ కాదండీ. ఎవరూ కోరి పెట్టుకున్నది కాదు. చెబుతా వినండి" అన్నది.

అప్పుడు చెప్పింది. ఆ దేశం ఒక యుద్ధంలో ఓడిపోయిందట. కట్టలు కట్టలు నోట్లు పట్టుకుపోయినా రొట్టె రాని రోజులు చూసిందట, ఆ తర్వాత పనులు దొరకని రోజులు. అప్పుడొకడు వచ్చాడు, మాటకారి. మీ కష్టాలన్నిటికీ యూదులే కారణం అన్నాడు. యూదులంటే నిన్న మొన్న దిగినవాళ్ళు కారు. ఆ వీధుల్లోనే పుట్టి పెరిగిన డాక్టర్లు, దర్జీలు, బట్టల కొట్లవాళ్ళు. కొందరు వాడి మాట నమ్మారు. నమ్మనివాళ్ళలో చాలామంది ఊరుకున్నారు. వాడు కుర్చీ ఎక్కాడు, ఎక్కినవాడు దిగలేదు. ఎదురు మాట్లాడినవాళ్ళను లోపల వేశాడు. పేపర్లో వాడి మాటే, రేడియోలో వాడి గొంతే.

"అంతా ఒక్కరోజులో జరగలేదండీ" అన్నది టీచరమ్మ. "మొదట వాళ్ళ కొట్లలో ఏమీ కొనొద్దన్నారు. ఉద్యోగాలు పీకేశారు. వాళ్ళని పెళ్ళి చేసుకోకూడదని చట్టం తెచ్చారు. పార్కుల్లో ఫలానా బెంచీ మీద వాళ్ళు కూర్చోకూడదని రాశారు. పిల్లల్ని బడి మాన్పించారు. ఒక రాత్రి వాళ్ళ కొట్ల అద్దాలన్నీ పగలగొట్టారు. ఆ తర్వాత ప్రపంచ యుద్ధం వచ్చింది. ఈ గుడ్డ యుద్ధం మొదలయ్యాకే అంటించారండీ. అప్పటికే ఇవన్నీ అయిపోయాయి. గుడ్డ అంటించినవాళ్ళను రైళ్ళలో తీసుకుపోయి చంపేశారు."

"అంటే బెంచీ ముందు వచ్చిందా, గుడ్డ ముందు వచ్చిందా?" అని నేను అడిగాను.

"బెంచీయే అండీ."

"పక్కింటోళ్ళు ఏం చేసిండ్రు?"

"కొందరు తలుపులు వేసుకున్నారు. కొందరు దాచిపెట్టి కాపాడారు, తక్కువమంది. కొందరు వాళ్ళ కుర్చీలు, మంచాలు వేలంలో కొనుక్కున్నారు."

"సస్త ధరకు వస్తె ఎవరు కొనరు?" అని పెద్ద ఆయా నవ్వింది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. తర్వాత ఆవిడకు అసలు సంగతి తట్టింది. "అంటే ఈ గుడ్డ సావడానికి పొయ్యేటోళ్ళకు పెట్టేటిదా?"

"అవునండీ."

"అట్లయితె నాకొద్దు. నా మొగడు సల్లగుండాలె. వీళ్ళిద్దరికే కుట్టు, ముండలకు. వీళ్ళకేమైతది?"

అదే నోరు. ఇంతకుముందే ఆ గుడ్డ మంచిది గనక ఆ పిల్ల ముట్టొద్దన్నది. ఇప్పుడు చెడ్డది గనక ఆ పిల్లే పెట్టుకోవాలన్నది. గుడ్డ అదే, నా ఒళ్ళోనే ఉంది. నేను సూదిలో దారం ఎక్కిస్తూ పెద్ద ఆయా ముఖం చూశాను. ఆవిడ ముఖంలో కోపం లేదు, ద్వేషం లేదు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగేటప్పుడు ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. మిగతా ఆయాలు కూడా మాకొద్దు, మాకొద్దు అన్నారు. వరసలో మేమిద్దరమే మిగిలాము, వెనక పిల్లలు.

ఆ పూట ఆ పిల్లతో పాటు మెట్ల మీదనే తిన్నాను.

ఆ వారంలోనే పాలమూరు పిల్ల అత్త మా ఇంటికి వచ్చింది, వాళ్ళదీ మా బస్తీయే. గడప అవతలే నిలబడింది, లోపలికి రమ్మంటే రాలేదు. "వదినా, ఐతారం మాసికం. గాజులు, బొట్టు తీసుడున్నది. నువ్వే రావాలె."

మా వైపు రివాజు అది. మొగుడు పోయినదాని గాజులు మొగుడు ఉన్నవాళ్ళు తీయరు. మొగుడు లేని మనిషే తీయాలి. మా బస్తీలో ఆ పని చేసే ముసలావిడ మోకాళ్ళు పడిపోయి సొంతూరికి వెళ్ళిపోయింది. ఆ వంతు ఇప్పుడు నా దగ్గరికి వచ్చింది. నా గాజులు పగలగొట్టింది కూడా ఆ ముసలావిడే. రాయి పెట్టి కొట్టింది, ఒక పెంకు మణికట్టులో దిగింది. ఆ మచ్చ ఇంకా ఉంది. ఆవిడ మంచిదే, నొప్పి తగ్గాలని తర్వాత పసుపు అద్దింది.

"చూద్దాం వదినా" అన్నాను. కాదనడానికి కూడా ఓపిక కావాలి.

మరునాడు బాత్రూములు కడుగుతూ ఆ పిల్లను అడిగాను, "ఐతారం సంగతి నీకేమనిపిస్తుంది?"

"నాకేమనిపిస్తె ఏంది పెద్దమ్మా. బొట్టు ఉంటె ఆటోల నా పక్కన కూసున్నోడు జరిగి కూసుంటడు. అది పోతె ఇంకో తీరు సూస్తడు." కాసేపు నీళ్ళు కొట్టింది. "ఆయన పోయిండు. నేనైతె పోలె గద."

నాటకం నాడు మమ్మల్ని తెర వెనక గదిలో కూర్చోబెట్టారు. పిల్లల ముఖాలకు రంగులు, అద్దాల చుట్టూ బల్బులు. నేను పాలమూరు పిల్ల జాకెట్టు మీద చుక్క కుట్టాను, ఆ పిల్ల నా జాకెట్టు మీద కుట్టింది. దారం వదులుగా పెట్టమన్నాను, మళ్ళీ పీకాలి గదా.

టీచరమ్మ తడి దూది పట్టుకుని వచ్చింది. ఆ పిల్ల ఎదురుగా వంగింది. "వాళ్ళకు బొట్టు ఉండదండీ. ఒక్క పది నిమిషాలు తీసేద్దాం, తర్వాత పెట్టుకోండి."

తలుపు దగ్గర ఆయాలంతా ఉన్నారు, చూడటానికి వచ్చారు. పెద్ద ఆయా అన్నది, "తీసెయ్యి టీచరమ్మా. ఎట్లయిన ఐతారం తీసేటిదే."

టీచరమ్మకు ఆ మాట అర్థం కాలేదు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని ముఖం ముందుకు పెట్టింది, మా దగ్గర చిన్న పిల్లలు మూతి తుడిపించుకోవడానికి పెట్టినట్టు.

నేను చెయ్యి అడ్డం పెట్టాను. "ఉండనియ్యి టీచరమ్మా."

"ఏమైందండీ?"

"ఏం కాలె. అంత దూరం నుంచి బొట్టెవరికి కనపడుతది? ఉండనియ్యి."

ఆమె నన్ను చూసింది, ఆ పిల్లను చూసింది, తలుపు దగ్గర ఉన్నవాళ్ళను చూసింది. దూది పారేసింది. పెద్ద ఆయా మూతి తిప్పుకుంది.

నాటకం సంగతి చెప్పడానికి ఏమీ లేదు. లైట్ల వేడి తెలిసింది. అధికారి వేషం వేసిన పిల్లవాడు అరిచాడు, మేము నడిచాము. ముందు ఆ పిల్ల, వెనక నేను. చీకట్లో తల్లిదండ్రుల ఫోన్లు మెరుస్తున్నాయి. టీచరమ్మ ఎన్నిసార్లు భయపడమన్నా నాకు భయం రాలేదు. అలసట వచ్చింది. బయటికి వచ్చాక టీచరమ్మ బాగా చేశారండీ అన్నది. నేనేమీ చేయలేదు, నడిచాను.

ఆదివారం వాళ్ళ ఇంటి వెనక నల్లా దగ్గర పీట వేసి ఆ పిల్లను కూర్చోబెట్టారు. చేతుల నిండా కొత్త గాజులు తొడిగారు, పగలగొట్టడానికి. ముఖానికి పసుపు, పెద్ద బొట్టు. పళ్ళెంలో రాయి ఉంది. పాలమూరు నుంచి చుట్టాలు వచ్చారు. నేను పోయి ఆ పిల్ల పక్కన నేల మీద కూర్చున్నాను.

"కానీయ్ వదినా" అన్నది అత్త.

"నా చెయ్యి రాదు వదినా."

"చెయ్యికి ఏమైంది?"

"ఏం కాలె. రాదు."

చుట్టాల్లో పెద్దమనిషి ఒకాయన గోడకు ఆనుకుని ఉన్నాడు. "రివాజు గదమ్మా. పెద్దలు పెట్టిన్రు."

"పెట్టినోళ్ళనే వచ్చి తీయమనుర్రి."

అత్త తీయకూడదు, ఆమె మొగుడు ఉన్నాడు. అక్కడ మొగుడు లేనివాళ్ళు ఇంకో ఇద్దరు ఉన్నారు. అందరూ వాళ్ళను చూశారు. ఒకామె, "నా బిడ్డ పెండ్లి ఉన్నది, నాతోని కాదు" అన్నది. ఇంకొకామె పళ్ళెం వైపు ఒక అడుగు వేసింది. ఆ పిల్లను చూసింది, నన్ను చూసింది, ఆగింది. "ఆమె తీయనిది నేనెందుకు తీయాలె" అని కొంగు సర్దుకుని వెనక్కు పోయింది.

అప్పుడు అత్త కూలబడి ఏడ్చింది. "నా కొడుకు వదినా. ఇది కాకుంటె వానికి దారి దొరకదంటరు. నాకేం దీని మీద పగనా?"

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమెది కూడా రాళ్ళు మోసిన చెయ్యే. "నీ కొడుకు మంచోడు. ఉంటె తీయనిస్తుండెనా?"

పెద్దమనిషి బీడీ ముట్టించుకుని గోడ అవతలికి పోయాడు. ఎండ నల్లా మీదికి వచ్చింది. ఆ పిల్ల చిన్న బిడ్డ వచ్చి తల్లి చేతి గాజులు ఒక్కొక్కటి జరిపి ఆడుకుంటోంది.

"వచ్చే నెల చూద్దాం" అన్నది అత్త చివరికి.

"వచ్చే నెల కూడా నా చెయ్యి గిదే ఉంటది వదినా" అన్నాను.

సోమవారం మధ్యాహ్నం ఆ పిల్ల డబ్బా పట్టుకుని మెట్ల వైపు పోతుంటే కొంగు పట్టి ఆపాను. బెంచీ మీద నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. పెద్ద ఆయా తన డబ్బా తీసుకుని ఆ చివరికి జరిగింది. ఆమె వెనక ఇద్దరు జరిగారు. ఒకామె ఉన్నచోటే ఉంది, తల ఎత్తకుండా తింటోంది.

"గాజులు ఎక్కువైనయి పెద్దమ్మా, అన్నం తింటుంటె సప్పుడైతున్నది" అన్నది ఆ పిల్ల.

"కానీయ్" అన్నాను. "నాకేం చెవుడు రాలె ఇంకా, విననీయ్. తిను."