పట్టుబడి, ఫైనల్ ఒకే రోజు పడితే

తేదీలు నిలవని మన జీవితాలకు ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ సాఫ్ట్‌వేర్ అక్కరకు రాదని సెమిస్టర్ మొదలైన నాటి నుంచీ ల్యాబ్‌లో వాదిస్తున్నాను. ఈ రోజు ఓడిపోయాను.

డిబేట్ పోటీల్లో నా జోడీ శ్రావణిది తోటపల్లి గూడూరు. వాళ్లకు రొయ్యల గుంటలున్నాయి. మేమంతా అభ్యాసం కోసం ఆ సాఫ్ట్‌వేర్‌లో లేని భవనాలు కడుతుంటే, ఆమె తమ పట్టుబడినే, అంటే ఎదిగిన రొయ్యల్ని గుంటలోంచి పట్టి లారీకెక్కించడాన్నే, ప్రాజెక్టుగా ఎక్కించింది. ఐస్, లారీ, వల లాగే మనుషులు, అన్నీ ఒకదానికొకటి ముడివేసి పెట్టింది. శనివారం మధ్యాహ్నం జరిగే మా ఫైనల్‌ను కూడా అందులోనే చేర్చింది.

ఇవాళ వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. వాన సూచన ఉన్నందున పట్టుబడిని శనివారానికే జరిపారట. శ్రావణి ఆ ఒక్క తేదీ మార్చగానే మిగిలిన పనులన్నీ వెంట జరిగాయి, రెండూ ఒకే వేళకు పడ్డాయని తెర మీద ఫైనల్ ఎర్రబడింది.

"చూశావా? నిలవని తేదీలకు ప్రణాళిక దేనికి?" అన్నాను.

"నిలవవు గాబట్టే మే! ఐస్ తెల్లారేసరికి వస్తే లారీ ఎక్కించేసి నేనొచ్చేస్తా. ఐస్ ఫ్యాక్టరీ ఆయన అంత పొద్దున్నే పంపనంటాడు. ఆయన్ని ఒప్పించే పని నీ పేరున పెట్టినా. నాతో పడే గొడవేదో ఆయనతో పడు, పో."

పడ్డాను. పాపం, ఆయన చివరికి ఒప్పుకున్నారు. తెర మీద ఎరుపు పోయింది.

కప్పులు చాలానే గెలిచాను గానీ, నా వాదనతో ఒక లారీ కదలబోవడం ఇదే మొదలు. మీ నోటిని ఇంత తెలివిగా పనిలో పెట్టినవారెవరైనా ఉన్నారా?