గోడను నాలుకతో చదివిన అప్పన్న

సున్నపు తొట్టిలో పట్టు కోసం కలిపిన కరక్కాయ నీళ్ళ వగరు వాసన ఈ ఉదయం ముక్కుకు తగిలింది. వెంటనే అప్పన్న మేస్త్రి కళ్ళముందు నిలిచాడు.

అప్పట్లో నేను గోపాలపట్నంలో రంగుల పని చేసేవాణ్ణి. సాయంత్రాలు గ్రంథాలయంలో గడిపేవాణ్ణి. కమాను, గుమ్మటం, నమాజు దిక్కును చూపే మిహ్రాబు గూడు, అన్నీ అక్కడ చదివి నేర్చుకున్నవే. పోర్టు దగ్గరి పాత మసీదు లోపలి గోడకు సిమెంటు పూసి రంగు వేయమని పిలిచినప్పుడు, డబ్బాలతో పాటు ఆ గర్వాన్ని కూడా మోసుకెళ్ళాను.

మిహ్రాబు చుట్టూ సున్నంతో తీర్చిన తీగలూ పువ్వులూ ఉన్నాయి. కింది వరసలో సగం రాలిపోయాయి. వాటి ముందు అప్పన్న తాపీ పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. ఆయనది విజయనగరం వైపు రైతు కుటుంబం. ఆ మసీదు సున్నపు మరమ్మతులు మాత్రం తాత నాటి నుంచి ఆ ఇంటివాళ్ళవే.

"సముద్రపు గాలికి సున్నం నిలవదు మేస్త్రీ. పుస్తకంలో చదివాను" అన్నాను.

"పుస్తకం ఈ గోడని సూసిందేటి బావా?" అని నవ్వాడు. "ఇలా రా. నాలిక పెట్టు."

పువ్వులు రాలిన చోట, అంతకుముందు బయటివాళ్ళెవరో వేసిన సిమెంటు అతుకు అంచున నాలుక ఆనించాను. ఉప్పు కషాయం. రెండు బారల అవతల, పాత సున్నం మీద ఏ రుచీ లేదు.

"సిమెంటు ఏసి గోడకి ఊపిరాడనీకుండా సేసినారు. లోపలి సెమ్మ ఎటెల్తాది? ఉప్పు మోసుకుని పక్కనున్న పువ్వుల్లోంచి తన్నుకొస్తంది. తప్పు సిమెంటుది, తిట్లు సున్నానికి!"

మసీదు పెద్ద కరీం సాబు విసుక్కున్నారు. "పండగ దగ్గర పడింది అప్పన్నా. దారి వదులు."

"ఒదల్ను సాయిబుగోరూ. మా తాత సరిసేసిన పువ్వులివి. సిమెంటు పుయ్యాలంటే ముందు నా ఈపు మీద పుయ్యండి. లేదంటే మీరూ ఓపాలి నాకి సూడండి."

సాబు టోపీ సర్దుకుని, అటూ ఇటూ చూసి, వంగి నాలుక ఆనించారు. మొహం చిట్లించారు. "తౌబా! దీన్ని గీరితే బిర్యానీకి సరిపోతుంది." కాసేపు గోడనే చూశారు. "ఆ సిమెంటు ఊడదీయండి" అన్నారు.

డబ్బాలు తిప్పి పంపేసి, నేను అప్పన్న పక్కన సున్నం రుబ్బడానికి కూర్చున్నాను. ఆ పండగ నమాజు సగం పూసిన గోడ ముందే జరిగింది.

అప్పన్న ఇప్పుడు లేడు. పువ్వులున్నాయి. వాటి మరమ్మతులు ఇప్పుడు నా పని. నేనింకా గ్రంథాలయానికి వెళ్తాను, చదివినదాన్ని గోడ దగ్గర సరిచూసుకుంటాను. ఇవాళ మధ్యాహ్నం మసీదుకు ఒక కాంట్రాక్టరు టైల్స్ నమూనాలు పట్టుకొచ్చాడు. రెండు రోజుల్లో గోడంతా మెరిపించేస్తానన్నాడు.

తాపీ పట్టుకుని మిహ్రాబుకు అడ్డంగా నిలబడ్డాను. "ముందు ఈ గోడకి నాలిక పెట్టు బావా. తరవాత మాటాడుదాం."

అతను నవ్వాడు. నేను జరగలేదు.