హారన్ కొట్టకండి

అసలు ఇది రాయకూడదనే అనుకున్నాను. మిషిగన్ తెలుగు సంఘం వాళ్లు ఫోన్ చేసి మా తోడల్లుడి సంస్మరణ సంచికకి ఒక పేజీ కావాలన్నారు. కాస్త పాజిటివ్‌గా ఉండాలని కూడా అన్నారు. పాజిటివ్‌గా రాయడానికి డిగ్రీలున్నవాళ్లు బోలెడుమంది. నాకు పదో తరగతైనా లేదు. నా చదువంతా ఇక్కడి లైబ్రరీల్లో చలి తప్పించుకోవడానికి కూర్చున్నప్పుడు అంటుకున్నది. కానీ మా తోడల్లుడు పోయిన కబురు వాట్సాప్ గ్రూపులో వచ్చిన తీరు చూశాక ఊరుకోలేకపోయాను. వరసగా చేతులు జోడించిన బొమ్మలు, మధ్యలో ఎవరిదో బిర్యానీ ట్రేల ధరలు, కింద మళ్లీ చేతులు. వాళ్ల సంచికలో ఇది వేసుకోరు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

తోడల్లుళ్లకి పడదంటారు. మాకూ పెద్దగా పడేది కాదు. ఆయన పెద్దల్లుడు, కార్ల కంపెనీలో బ్రేకులు పరీక్షించే ఇంజినీరు. వాళ్లావిడ చెల్లెల్ని స్పాన్సర్ చేస్తే, ఆ చెల్లెలి వెనక సామానులా వచ్చి గోడౌన్‌లో పెట్టెలు మోసినవాణ్ని నేను. విందుల్లో ఇంజినీర్లు ఒక సోఫాలో, నేను మెట్ల మీద. ఆయన మాత్రం ప్లేటు పట్టుకుని వచ్చి ఆ మెట్ల మీదే కూర్చునేవాడు. ఏమీ మాట్లాడేవాడు కాదు. అదొక చిరాకు.

డెబ్భైల చివర్లో ఇక్కడ నోవై ఊరి చుట్టుపక్కల పొలాల మధ్య కార్ల సినిమాలు ఉండేవి. ఈ కాలం పిల్లలు ఎరగరు కాబట్టి చెబుతున్నాను. పెద్ద మైదానం, చివర ఇంత పొడుగు తెల్ల తెర, కంకర మీద వరసగా ఇనప గుంజలు. గుంజకి వేలాడే స్పీకరు పెట్టెని తీసి కారు అద్దానికి తగిలించుకుని, సీట్లోంచి కదలకుండా బొమ్మ చూడటం. ఇక్కడో సంగతి. మిషిగన్ వేసవిలో సూర్యుడికి ఇంటికెళ్లే ఉద్దేశం ఉండదు. తొమ్మిదిన్నర దాటితేగాని తెర మీద మనిషి కనబడడు. కప్పున్న హాళ్లు ఆపాటికి రెండాటలు ముగించేవి. కార్ల సినిమాని వీడియో చంపిందంటారు గానీ సగం చంపింది సూర్యుడే. మిగతా సగం సంగతికి వస్తాను.

అలా ఈగలు తోలుకుంటున్న థియేటరు ఒకదాని ఓనరు ముసలాయన్ని పట్టుకుని, మా తోడల్లుడు నెలకో ఆదివారం తెలుగు సినిమాకి ఒప్పించాడు. షికాగో నుంచి బస్సులో వచ్చే రీళ్ల డబ్బాలు తానే వెళ్లి తెచ్చేవాడు. చీకటి పడేలోపు పాత పంచె ముక్కతో అందరి కార్ల అద్దాలూ తుడిచేవాడు. ఎందుకీ తిప్పలు అన్నయ్యగారూ అని ఒకసారి అడిగాను.

"వారమంతా సారీ, ఎక్స్‌క్యూజ్ మీ అంటూ గుసగుసగా బతుకుతున్నాం తమ్ముడూ. నెలకోసారైనా గట్టిగా గోల చెయ్యకపోతే గొంతు పూడుకుపోతుంది."

మొదటి ఆట. హీరో రైలు దిగాడు. కార్లలో కూర్చుని ఈల వేస్తే ఎవరికి వినబడుతుంది? ఎవరో హారన్ కొట్టారు. అంతే, మైదానం మైదానమంతా కొట్టింది. నా డొక్కు బండి హారనూ, కొత్త కారులో వచ్చిన డాక్టరుగారి హారనూ కలిసి ఒకటే మోత. నేను మెట్లు దిగి అందరి సరసనా కూర్చున్నట్టనిపించిన రోజు అది. ఉన్నట్టుండి బొమ్మ ఆగిపోయింది. కార్ల సినిమాలో హారన్ కొడితే మిషన్ చెడిపోయిందని అర్థమట. ఓనరు టార్చిలైటుతో పరిగెత్తుకొచ్చి ఏం పాడైందని అడిగాడు.

"నథింగ్ రాంగ్, సర్. దే ఆర్ హ్యాపీ" అన్నాడు మా తోడల్లుడు.

ముసలాయన టార్చి ఆర్పేసి, సంతోషమైతే సరే అని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఎంత మోగినా ఆపలేదు.

నాలుగు వేసవులు గడిచాయి. రోడ్డుకి అవతల మొక్కజొన్న చేను పోయి కొత్త ఇళ్లు వచ్చాయి. వాటిలో ఒకటి ఆ డాక్టరుగారిదే. టౌన్‌షిప్, అంటే ఇక్కడి పంచాయతీ, మీటింగులో హారన్ల మీద ఫిర్యాదు వచ్చినప్పుడు లేచి మాట్లాడిందీ ఆయనే. పిల్లలకి నిద్ర ఉండటం లేదన్నాడు. దిస్ ఈజ్ నాట్ అవర్ కల్చర్ అని కూడా అన్నాడు. ఇంకొక్కసారి హారన్ వినబడితే తెలుగు ఆట రద్దని తీర్మానించారు. మా తోడల్లుడు అక్కడ పెదవి విప్పలేదు. తిరిగి వస్తూ కార్లో మాత్రం, "ఆయనకి నిద్ర కావాలి తమ్ముడూ, పొద్దున్నే ఆపరేషన్లుంటాయి" అన్నాడు. వెటకారమో కాదో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ నెల నుంచి ఆయన అద్దాలు తుడుస్తూనే ఒక్కో కిటికీ దగ్గరా వంగి, "మీకు దండం పెడతాను, హారన్ కొట్టకండి" అని బతిమాలాడు. గోల చెయ్యడం కోసం చోటు వెతికిన మనిషి అందరినీ నోరు మూసుకోమని అడుక్కున్నాడు. అందరూ మూసుకున్నారు. హీరో దిగాడు, మైదానంలో కీచురాళ్లు వినబడ్డాయి. నోరు మూసుకుని చూసేదానికి ఇంత దూరం దేనికని జనం మానేశారు. అప్పటికి డాక్టరుగారి బేస్‌మెంట్‌లో వీసీఆర్ వెలిసింది, అందరూ తివాచీ మీద చేరారు. నేనూ రెండుసార్లు వెళ్లాను. ఈల వేయబోతే పైన పిల్లలు పడుకున్నారన్నారు.

ఆఖరి ఆటకి అయిదు కార్లు వచ్చాయి. ఆయన అయిదు అద్దాలూ తుడిచాడు. రీళ్లు తారుమారై, చచ్చిపోయిన విలన్ లేచొచ్చి పెళ్లిలో భోజనం చేస్తున్నాడు. నిజంగా హారన్ కొట్టాల్సిన చోటు అది. ఒక్కరూ కొట్టలేదు. ఆ చలికాలం ముసలాయన స్థలం అమ్మేశాడు. ఇప్పుడక్కడ జనం పనికిరాని సామాను దాచుకునే షెడ్లున్నాయి. మా తోడల్లుడు ఆ తర్వాత ఏ సినిమాకీ రాలేదు. పంచె ముక్క మాత్రం కార్లోనే ఉండేది.

సంతాప సభ మొన్న శనివారం ఒక బాంక్వెట్ హాల్లో జరిగింది. అధ్యక్షులు డాక్టరుగారే. మిషిగన్ తెలుగువాళ్లకి తొలి తెర చూపించిన మహనీయుడన్నారు. తర్వాత ఒక నిమిషం మౌనం పాటించమన్నారు.

అందరం లేచాం. నా చెయ్యి జేబులో ఉంది. ఈ కాలం కార్ల తాళాల మీద, ఆపదలో నొక్కేందుకు, ఎర్ర బొత్తాం ఒకటుంటుంది. బయట పార్కింగ్‌లో ఒక కారు హారన్ మొదలుపెట్టింది. నిమిషమంతా మోగింది. అయ్యాక డాక్టరుగారి మనవరాలు బయటికెళ్లి చూసొచ్చి, మైకులో నంబరు ప్లేటు చదివి, ఎవరిది ఈ కార్ అంకుల్, ప్లీజ్ అంది.

నాదే. వెళ్లి ఆపి వచ్చాను.