పందికొక్కు మన మాటే

పదకొండు మూటల బియ్యం, నాలుగు మూటల చక్కెర, రెండు మూటల కందిపప్పు. తమిళనాడు గుడియాత్తంలోని మా అంగడిలోకి వాననీళ్లొచ్చి అన్నీ తడిసిపోయాయి. మొత్తం ముప్పై ఆరు వేల తొమ్మిది వందలు. అదంతా వేలూరు మండీలో అప్పుకు తెచ్చిన సరుకు.

ఇన్సూరెన్సు మనిషి వచ్చాడు. ఆయనా తెలుగాయనే. గోడ మొదట్లో ఉన్న బొక్కను వంగి చూసి, ఇంగ్లీషు కాగితం తీశాడు.

"వాన నష్టానికైతే డబ్బులొస్తాయి. ఎలుకలు, బ్యాండికూట్లు చేసినదానికి రావు."

వాన అని రాసుకుంటే చాలనుకున్నాను నేను. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న నాన్నకు మాత్రం హుషారొచ్చింది.

"బ్యాండికూటా? అది మన తెలుగు మాటే నాయనా! పందికొక్కు! తెల్లోళ్లు మన దగ్గరే నేర్చుకునిపోయినారు."

ఊరుకోమని కళ్లతో సైగ చేశాను. ఆయన చూడలేదు.

"అట్లనా పెద్దాయనా? ఈ బొక్క దానిదేనా?"

"ఇంకెవరిది? మా పిల్లికంటే పెద్దగా ఉండాది. తమిళోళ్లు పెరుచ్చాళి అంటారు గానీ, ఇంగ్లీషులోకి పోయింది మన పేరే!"

ఆయన నవ్వుతూనే రాసుకున్నాడు.

"సరుకును తడిపింది వాన కదప్పా," అన్నాను.

"బొక్క లేకుంటే నీళ్లు యాడనుంచి వస్తాయి?" అన్నాడు ఇన్సూరెన్సాయన.

పైసా రాలేదు. అప్పు నెలనెలా కొంత కడుతూనే ఉన్నాను. మండీకి ఈరోజుకీ ఇరవై ఒక్క వేల నాలుగు వందలు బాకీ.