పవిత్ర పని చేయని పదిహేను రోజులు

హోసూరు దగ్గరి వేప్పనపల్లి చుట్టుపక్కల బావిలో దూకి ఈదే ఆడవాళ్ళు ఆ రోజుల్లో ఒకరిద్దరే. వాళ్ళలో ఆదిలక్ష్మమ్మ ఒకతె. పుట్టింట్లో అన్నల వెంటపడి నేర్చుకుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక మేకపిల్ల బావిలో పడితే, చీర ఎగదోపి దూకి దాన్ని పైకి తెచ్చింది. అత్త వెంకటసుబ్బమ్మ నోరు తెరుచుకుని చూసింది. ఆ తర్వాత బిందె జారినా, మోటరు పైపు ఊడినా ఊళ్ళో వాళ్ళు ఆమెకే కబురు పెట్టేవారు.

కూతురు పవిత్రకు పాలపళ్ళు ఊడుతున్న వయసులోనే బావిలోకి దించింది. "ఆడపిల్లకు ఈత దేనికే?" అన్నాడు భర్త శేషప్ప.

"నీళ్ళకు ఆడా మగా తెలుస్తుందా?" అంది ఆదిలక్ష్మమ్మ.

రెండు వేల ఒకటిలో పవిత్ర హోసూరు కాలేజీలో చేరి హాస్టల్లో ఉండసాగింది. ఆటల మాస్టారు చెన్నకేశవ మొదటి వారమే పిల్లలందరినీ మైదానంలో నిలబెట్టి, ఈత వచ్చినవాళ్ళు చెయ్యెత్తండన్నాడు. చెయ్యెత్తిన ఆడపిల్లలు ముగ్గురు. వాళ్ళను రోజూ తెల్లారేసరికి బస్సెక్కించి, కర్ణాటక సరిహద్దులోని జూజువాడి చెక్‌పోస్టు దాటించి, బెంగుళూరు పొలిమేరలో ఉన్న ఈతకొలనుకు తీసుకుపోయేవాడు. తల నీళ్ళపైకి ఎత్తి ఈదే పవిత్ర బావి అలవాటు మాన్పించడానికే ఆయనకు నెలలు పట్టింది.

ఆ ఏడు సేలంలో జరిగిన కాలేజీల పోటీలకు పవిత్ర ముందురోజు దాకా ఒళ్ళు దాచుకోకుండా ఈదింది. కొలను రెండుసార్లు పోయి రావలసిన పోటీ అది. సగం దాకా అందరికంటే ముందుంది. ఆ తర్వాత చేతులకు రాళ్ళు కట్టినట్టయింది. ఒక్కొక్కరే దాటిపోయారు. ఆరో స్థానంలో గట్టు పట్టుకుని, పైకి రాకుండా నీళ్ళలోనే ఏడ్చింది.

మరుసటి ఏడు పోటీలకు ముందు దసరా సెలవులొచ్చాయి. చెన్నకేశవ పవిత్రతో పాటు తనూ బస్సు దిగి, శేషప్ప ఇంటికి వచ్చాడు. మజ్జిగ తాగి విషయం చెప్పాడు.

"మూడు నెలలు ఒళ్ళు హూనమయ్యేటట్టు ఈదించినానమ్మా. ఇంక చాలు. ఈ పదిహేను రోజులూ బాగా తినాల, నిద్రపోవాల. సాయంత్రం కాసేపు బావిలో ఈదితే చాలు. దూరం తగ్గించాల, జోరు మాత్రం తగ్గకూడదు. బరువు పని ఏదీ చెప్పొద్దండి. పోయినేడు అలిసిపోయిన పిల్లను తీసకపోయి నిలబెట్టినాను. ఈసారి అట్ల కాకూడదు."

శేషప్ప తల ఊపాడు. మాస్టారు బస్సెక్కి వెళ్ళాక మాత్రం, "చదువుకోను పోయి పండుకునేది నేర్చుకుని వచ్చిందే!" అని నవ్వాడు. ఆ నవ్వులో కొంచెం దిగులూ ఉంది. ఎందుకంటే వాళ్ళింట్లో పట్టుపురుగులు ఇంకో నాలుగైదు రోజుల్లో నాలుగో జ్వరంలో పడతాయి. మేత మాని, తలలెత్తి కదలకుండా పడుకునే దశను అక్కడి రైతులు జ్వరమంటారు. ఆ జ్వరం నుంచి లేస్తే ఇక ఆకలే ఆకలి. గూడు కట్టేదాకా రాత్రీ పగలూ మల్బరీ ఆకు కోసి తెచ్చి పోస్తూనే ఉండాలి. అలాంటి సమయంలో కూలికి వచ్చే మారియప్ప కుటుంబం అంచెట్టిలో చుట్టాల పెళ్ళికి వెళ్ళి ఇంకా తిరిగి రాలేదు.

ఆ జ్వరం తీరి పురుగులు లేచాయి. తట్టల మీద వాన కురిసినట్టు మేత చప్పుడు మొదలైంది. తల్లీ తండ్రీ ఆకు మోపులు మోస్తుంటే పవిత్రకు కూర్చున్నచోట ముళ్ళున్నట్టుంది. దానికి తోడు, ఒళ్ళు తేలికపడాల్సింది పోయి మరింత బరువెక్కింది.

"నాకు ఈతే మరచిపోయినట్టుందమ్మా. కాళ్ళు ఈడ్చుకుంటా ఉండాయి. సారు ఏమో పొరపాటు పడినాడు."

"అట్లుంటాదని సారు ముందే చెప్పలేదా?"

"చెప్పినాడు. కానీ ఇంత అని చెప్పలే."

ఆదిలక్ష్మమ్మకూ లోలోపల అనుమానమే. వాడని కొడవలి తుప్పు పట్టదా అనిపించింది. కానీ ఏడాది పాటు చీకటితో లేచి రాష్ట్రం దాటించి పిల్లలకు ఈత నేర్పిన మనిషి ఊరికే అనడు కదా అనుకుంది.

పురుగులు లేచిన మూడోరోజు మధ్యాహ్నం ఆదిలక్ష్మమ్మ తోటకు పోతే, పవిత్ర నెత్తిన ఆకు మోపుతో ఎదురొచ్చింది. తల్లి మోపును తన నెత్తికి మార్చుకుంది.

"ఎవురు చెప్పినారే నీకు మొయ్యమని?"

"నాయన నడుం పట్టుకుని కూర్చున్నాడమ్మా. చూస్తా ఎట్ల ఉండేది?"

ఆ మాటకు తల్లి కోపం కరిగిపోయింది. ఇంటికి వచ్చి మోపు దించి మొగుడి ముందు నిలబడింది. "జ్వరంలో ఉండే పురుగును మనం కదిలిస్తామా? చేత్తో ముట్టుకుంటామా? ఈ పిల్లకూ అదే అనుకో. గోపాలప్ప ఇంట్లో నేను మాట్లాడతా."

శేషప్ప నడుము రాసుకుంటూ కూతుర్ని చూశాడు. "నేను మొయ్యమన్లేదే దాన్ని. ఇదిగో పాపా, నువ్వు మోసినావంటే నాకు మర్యాద తక్కువ. పోయి పండుకో."

గోపాలప్పది పక్క తోట. వాళ్ళ పురుగులు ఇంకా చిన్నవి. మీ పురుగులు పండి గూడు కట్టేటప్పుడు మేం వస్తామని ఆదిలక్ష్మమ్మ మాటిస్తే, ఆయనా భార్యా అదే సాయంత్రం కొడవళ్ళతో వచ్చేశారు. వెంకటసుబ్బమ్మ మనవరాలికి రాగి ముద్ద, ఉలవచారు, గుడ్లు పెట్టి, తినేదాకా పక్కనే కూర్చునేది. పిల్ల మంచం దిగితే, "యాడికి?" అని కేకేసేది. పవిత్ర నవ్వుతూ మళ్ళీ పడుకునేది.

పోటీలకు సేలం వెళ్ళడానికి రెండు రోజుల ముందు సాయంత్రం ఆదిలక్ష్మమ్మ కూడా బావిలోకి దిగింది. ఆకు కోసి కోసి చేతులు మంట పుడుతున్నా, నీళ్ళు చల్లగా హాయిగా ఉన్నాయి.

"రా, ఆ గోడ దాకా పోదాం. చూద్దాం ఎవురు ముందో."

ఇద్దరూ ఒకేసారి గోడను తన్ని బయల్దేరారు. చిన్నప్పుడు ఈ పందెంలో తల్లే గెలిచేది. ఇప్పుడు ఆమె బావి నడిమికి వచ్చేసరికి కూతురు అవతలి గోడ తాకి, తిరిగి వస్తూ, ఆమెను దాటిపోయింది. నీళ్ళు చిందలేదు. ఆయాసం లేదు.

"అమ్మా, బరువు పోయింది!" పవిత్ర గొంతు బావంతా మోగింది. "యాడికి పోయిందో తెలీదు, పోయింది!"

ఆదిలక్ష్మమ్మ మెట్టు పట్టుకుని ఊపిరి తీసుకుంటూ చాలాసేపు నవ్వింది.

పోటీ రోజుకు పురుగులు పండటం మొదలైంది. గూడు కట్టడానికి చంద్రికలనే వెదురు తడకల మీదికి ఎక్కించాలి. అయినా శేషప్ప, "నువ్వు పో. నేనూ గోపాలప్పా ఎక్కిస్తాం. పిల్ల ఈదేది నువ్వు చూడకపోతే ఇంగెవురు చూడాల?" అన్నాడు.

సేలంలో ఆదిలక్ష్మమ్మ మొదటిసారి కొలను చూసింది. నీళ్ళలో అడుగున గీతలు కనబడుతున్నాయి. బ్లీచింగు పౌడరు వాసనకు ముక్కు ముడుచుకుంది. ఈదే పిల్లలంతా తువ్వాళ్ళు కప్పుకుని గోడల వెంట పడుకుని ఉన్నారు. వీళ్ళూ మా పిల్ల మాదిరే అనుకుంటే ధైర్యం వచ్చింది.

ఈల మోగింది. సగం దాకా పవిత్ర నాలుగో స్థానంలో ఉంది. పక్కనున్న చెన్నకేశవ కంగారు పడలేదు. "ఇప్పుడు చూడండమ్మా" అన్నాడు. ఆఖరిసారి తిరిగాక ముందున్న పిల్లల చేతులు బరువెక్కడం ఆదిలక్ష్మమ్మ కంటికి తెలిసింది. పవిత్ర చేతులు మాత్రం మొదట్లో ఎలా పడ్డాయో అలాగే పడుతున్నాయి. ఒకరిని దాటింది, ఇంకొకరిని దాటింది. సేలం అమ్మాయి ఒక్కతే జానెడు తేడాతో ముందు గోడ తాకింది.

"రెండోది! విశ్వవిద్యాలయం జట్టులో ఉన్నట్టే!" అని మాస్టారు అరుస్తుంటే, ఆదిలక్ష్మమ్మ అప్పటికే గట్టు మీద మోకాళ్ళపై కూర్చుని కూతురి తడి తల నిమురుతోంది. పవిత్ర ఈసారి కూడా ఏడ్చింది. కానీ వెంటనే పైకి వచ్చి, "ఆకలమ్మా" అంది.

ఆ జట్టుతో పోయిన పెద్ద పోటీల్లో ఆమె వెనకబడింది. దానికి ఎవరూ బాధపడలేదు. చదువు పూర్తిచేసి హోసూరులోనే ఒక బడిలో ఆటల టీచరైంది. కొన్నేళ్ళకు, కడప వైపు నుంచి వచ్చి ఫ్యాక్టరీలో పనిచేస్తున్న ప్రసాదును పెళ్ళి చేసుకుంది. ప్రసాదుకు ఈత రాదు. ఆ మాట అల్లుడి నోట విన్న మొదటి వేసవిలోనే ఆదిలక్ష్మమ్మ అతణ్ణి బావిలోకి దించింది.

"ఏమప్పా ప్రసాదూ, నడుము దాకా దిగి నిలబడితే ఈతొస్తుందా? చెయ్యి వదులు. నేనుండాను కదా."

"మునిగిపోతే అత్తా?"

"మునిగితే తేలతావులే. వదులు!"

గట్టు మీద పవిత్ర పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ప్రసాదు కళ్ళు గట్టిగా మూసుకుని, మెట్టు వదిలాడు.